మాలలో ఆవిరి

విదేశంలో, క్లెమెంటి అనే పేటలోని ఫ్లాట్‌లో ఆవిడ దేవుడి దీపానికి వత్తులు చేస్తోంది. అయ్యప్ప మాల వేసుకున్న భర్త ఎదురుగా ఎలక్ట్రానిక్ సిగరెట్ విప్పి కూర్చున్నాడు. ఆయన దీక్ష ఎక్కడ చెడుతుందోనని ఆవిడ ప్రాణం గిలగిల్లాడుతోంది.

"ఏంటి స్వామీ, ఆ మాడు వాసన?"

"లోపలి తీగచుట్ట, కాయిల్, బాగానే వేడెక్కుతోంది. పీలిస్తే దాంట్లో దూది మాడుతోంది. ఆఫీసులో పడిపోయిన సర్వర్లు లేపేవాణ్ణి, ఇదో లెక్కా?"

"దూది అలా కుక్కేస్తే తడి ఎలా ఎక్కుతుంది? వత్తయినా అంతే."

ఆయన కాస్త దూది పీకేసి, ఆవిరయ్యే ద్రవం పోసి పీల్చాడు. తెల్లగా ఆవిరి లేచింది.

"సూపర్! మాడు పోయింది."

"మాలలో పొగ తాగొచ్చా స్వామీ?"

"పొగ కాదు మాతా, ఆవిరి. నిప్పేదీ? బూడిదేదీ?"

"అయితే సాయంత్రం భజనలో గురుస్వామి ముందు పీల్చండి."

"ఆయనకి టెక్నాలజీ తెలీదు."

"అయ్యప్పకి తెలుసుగా?"

ఆయన కాసేపు మెడలోని మాల తడుముకున్నాడు. తర్వాత ఆ సరంజామా అంతా ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఇరుముడి కట్టేదాకా నీ దగ్గరే ఉంచు."

"కట్టేదాకా కాదు. కొండెక్కి దిగొచ్చి మాల తీసేదాకా. అప్పుడు అడగండి, ఇస్తానో లేదో చూద్దాం."