అద్దం ఎక్కిన నత్తలు

అమలాపురంలో రంగు చేపలు అమ్మే కొట్టు. ముమ్మిడివరం నుంచి వచ్చినావిడ బల్ల మీద నత్తల సీసా పెట్టింది.

“ఇవి మార్చి ఇవ్వండి. తొట్టెలో వదిలితే అద్దం పట్టుకుని పైకొచ్చేస్తున్నాయండీ.”

“నత్తల్లో లోపం లేదమ్మా. నీళ్ళు పడకపోతే అలాగే పైకొస్తాయి. ఏం నీళ్ళు పోసేరు?”

“మా బోరు నీళ్ళేనండీ.”

“ఉప్పగా ఉంటాయా?”

“ఈమధ్య కాస్త. మేం తాగమండీ, టిన్నులు తెప్పించుకుంటాం.”

“పక్కన రొయ్యల చెరువుందా?”

“ఆయ్.”

“ఎవరిది?”

“మాదేనండీ. నిరుడు తవ్వించేం.”

“రొయ్యలకి పెట్టిన ఉప్పునీరే బోరులోకి దిగుంటుంది. కొత్తవి అమ్మితే నాకు లాభమే, కానీ అవీ పైకే వస్తాయి. ఆ నీళ్ళు ఇంకెవరైనా తాగుతున్నారా?”

“పక్కింటి షైనీ రోజూ బిందెతో పట్టుకెళ్తుందండీ. ఏడో నెల. బీపీ పెరిగింది, ఉప్పు తగ్గించమన్నారట.”

“అయితే నత్తల సంగతి తర్వాత. ముందు ఆ పిల్లకి ఫోన్ చెయ్యండి.”

“మా చెరువు వల్లేనని ఎలా చెప్పనండీ? మా ఆయన ఊరుకోరు.”

“చెరువు మాట మీ ఇంట్లో తేల్చుకోండి. ఆ బిందె మాత్రం ఇవాళే ఆపండి.”

“…షైనీ, నేనమ్మా. మా బోరు నీళ్ళు ఇక తాగకు. టిన్ను పంపిస్తాను. ఎందుకంటే… మా చెరువు ఉప్పు దిగిందమ్మా.”