మూడో తాళం

ఆమె కారు బటన్ తాళానికి స్పేరు చేయించుకుందామని వచ్చింది. తాళాల షాపతను కారుకి యంత్రం తగిలించి, తెర మీద అంకె చూశాడు.

“దీనికి ఇప్పటికే మూడున్నాయమ్మా.”

“రెండేనండీ. నాదొకటి, మావారిదొకటి.”

“మూడోది పోయిన నెల నేనే చేశాను. సారు మీ చెల్లెల్ని వెంటబెట్టుకొచ్చారు.”

“నాకు చెల్లెళ్లు లేరు.”

అతను యంత్రం వైరు సర్దుకున్నాడు.

“ఆ వచ్చినామె పొట్టిగా ఉంటుందా?”

“అవునమ్మా. సీటు బాగా ముందుకు జరుపుకున్నారు.”

“ఆ సీటు నేను వారం వారం వెనక్కి జరుపుకుంటున్నాను. రెండేళ్ల నుంచి స్పేరు అడుగుతుంటే, నువ్వు పారేస్తావంటారు ఈయన. నాకంటే బాగుంటుందా?”

“నేను తాళమే చూశానమ్మా.”

“సరే, ఆ మూడోది చెరిపేయండి.”

“దీన్లో ఒక్కటే చెరపడం కుదరదు. అన్నీ చెరిపి, ఇక్కడున్నవే మళ్లీ ఎక్కించాలి. సారు జేబులోది కూడా పనిచేయదు.”

ఆమె తన తాళాన్ని వేళ్ల మధ్య తిప్పింది.

“అయితే ఇవాళ వద్దు.”

“సారుకి కోపమొస్తుందనా?”

“కాదు. ఆయనదీ దానిదీ పనిచేయకపోతే ఇద్దరూ కలిసి నడుచుకుంటూ వెళ్తారు. రేపు ఆయనది కూడా తెస్తాను. అది ఒక్కతే నడవాలి.”