పరిగెత్తకూడని పిల్లాడు

మధ్యాహ్నం. షట్టరు సగం దించిన బట్టలు కుట్టే కొట్టు. మిషను ముందు తల్లి. ఎదురుగా బల్ల మీద, అప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చిన చిన్నకొడుకు, ఒళ్ళో చేతికర్ర.

"మిషను ఆపమ్మా."

"ఈ జేబు ఒక్కటీ అయితే ఆపుతా. సాయంత్రానికి ఇస్తానని చెప్పా."

"ఆపమంటున్నానా!"

"అరవకు. అరిస్తే నీ గుండెకి మంచిది కాదు."

"నా గుండెకేం లేదు. వచ్చినప్పట్నుంచీ అదే కదా చెప్తున్నా. చిల్లు లేదట."

"ఏ డాక్టరు చెప్పాడు?"

"గుండె డాక్టరే. తెర మీద చూపించి మరీ చెప్పాడు. నేనే నమ్మలేదు. సరిగ్గా చూడండి సార్, నాకు పుట్టుకతోనే చిల్లుందని ఆయనతోనే వాదించా. పుట్టినప్పుడు ఉండి ఉంటుంది, చాలామంది పిల్లలకి దానంతటదే పూడిపోతుంది, మీకూ ఎప్పుడో పూడిపోయింది, ఇంట్లో ఎవరూ చెప్పలేదా అన్నాడు."

"మంచిదేగా మరి. సంతోషించక దెబ్బలాటకొచ్చావేంటి?"

"సంతోషించాలా?"

"ఆ కత్తెర ఇలా అందుకో."

"అమ్మా, నీకు తెలుసా తెలీదా?"

"ఏది?"

"పూడిపోయిందని."

"భోంచేశావా?"

"నేనడిగేదేంటి, నువ్వనేదేంటి?"

"ఎప్పటి మాటో. నాకేం గుర్తుంటుంది?"

"నీకు గుర్తుండదా? నేను పుట్టకముందు ఎవరి చొక్కాకి ఏ రంగు గుండీలు కుట్టావో ఇప్పటికీ చెప్తావు."

"సరే, తెలుసనుకో. అయితే ఏంటి?"

"అయితే ఏంటా! ఇంకా విను. లేని జబ్బు పోయింది, ఇప్పుడు ఉన్న జబ్బులొచ్చాయి. బీపీ, షుగరు. ఎముకలు గుల్లబారాయట. అందుకే వాకిట్లో మెట్టు మీంచి జారితేనే తుంటి విరిగింది. నా వయసువాళ్ళకి అలా విరగదట. చిన్నప్పుడు ఏమేం ఆడేవారు అనడిగాడు."

"ఏం చెప్పావు?"

"కాజాలు కుట్టేవాణ్ణని చెప్పా."

"నవ్వాడా?"

"నవ్వలేదు. ఎముకా కండా ఊపిరీ ఆ వయసులోనే గట్టిపడాలట. గెంతాలి, పడాలి, లేవాలి. అప్పుడు పరిగెత్తిన పరుగే ముసలితనం దాకా నడిపిస్తుందట. ఇప్పుడు కష్టపడితే కొంత వస్తుందిగానీ, పోయిందంతా రాదట."

"అయితే పరిగెత్తు. ఎవరొద్దన్నారు?"

"ఈ కర్రతోనా?"

"కర్ర నేనిచ్చానా? మీసాలొచ్చాక నిన్నెవరు కట్టేశారురా? పొద్దున్నే లేచి నాలుగడుగులు వెయ్యమని నీ పెళ్ళాం నెత్తీ నోరూ కొట్టుకుంటే విన్నావా? బస్తా ఎత్తాలంటే గుండె. బిందె మొయ్యాలంటే గుండె. కోడలు నిండు నెలలతో గ్యాసు సిలిండరు ఈడ్చుకుంటూ మెట్లెక్కుతుంటే, మంచమ్మీద కూర్చుని చూశావు. అప్పుడు బాగానే ఉంది నా అబద్ధం."

"అబద్ధమని నీ నోటితోనే అన్నావు."

"నోరు జారింది."

"జారలేదు. ఇన్నాళ్ళకి నిజం పలికింది. బంతి కొట్లోకొచ్చిపడ్డ రోజు గుర్తుందా?"

"ఏ బంతి?"

"సందులో పిల్లలు ఆడుకునే బంతి. ఆ బట్టల కిందకి దొర్లింది. నువ్వు వెనక ఇస్త్రీ చేస్తున్నావు. నేను తీసి, చేతికివ్వడానికి వాళ్ళ దాకా పరిగెత్తా. పుట్టాక అదే మొదటిసారి. గుండె దడదడా కొట్టుకుంది. పరిగెడితే అందరికీ కొట్టుకుంటుందని నాకేం తెలుసు? అయిపోయింది, చచ్చిపోతున్నా అనుకున్నా. రోడ్డు మధ్యలో వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకున్నా. పిల్లలంతా చుట్టూ చేరి ఒకటే నవ్వు. గాజుబొమ్మ పగిలిందిరోయ్ అని. ఆ రోజు నుంచీ నా పేరు అదే. నువ్వొచ్చి ఏమన్నావు?"

"లోపలికి రమ్మన్నా."

"చూశావా, చెప్తే విన్నావు కాదు అన్నావు. ఏం కాలేదురా నీకు, లేచి ఆడుకో అని ఒక్క మాట అనొచ్చుగా? ఒక్క మాట!"

"అవి బళ్ళు తెరిచే రోజులు."

"ఏంటీ?"

"యూనిఫారాలు గుట్టగా పడున్నాయి. చొక్కాలకి కాజాలు, గుండీలు. నువ్వు తప్ప ఎవరున్నారు?"

"కాజాల కోసమా?"

"ముందు భయంతోనే ఆపాను. ఒట్టు. తర్వాత చెప్దాం, చెప్దాం అనుకున్నా. ఈలోపు నీకు పని బాగా వచ్చేసింది. నీ చేతి కాజా చూసి, ఇది మిషను మీద తీసిందా అనేవాళ్ళు."

"నాకు చొక్కాల గుట్ట ఇచ్చి కూర్చోబెట్టి, పైగా పొగుడుతున్నావు."

"పొగడట్లేదు. జరిగింది చెప్తున్నా. ఆ కాజాలతోనే నీకు అన్నం పెట్టా. నీ చదువూ వాటితోనే."

"పరిగెత్తి ఆడుకోవాల్సిన పిల్లాడు, ఆడుకునే పిల్లల చొక్కాలకి గుండీలు కుట్టాడు. అవి తెగిపోయి మళ్ళీ వచ్చేవి, ఆటల్లో లాక్కుని తెంపుకున్నవి. మళ్ళీ నేనే కుట్టేవాణ్ణి."

"నీకు కుట్టడం ఇష్టమే అనుకున్నా."

"నా పాపని నేనొక్కసారీ ఎత్తుకోలేదమ్మా."

"ఎత్తుకోకపోవడమేంటి? ఎప్పుడూ నీ ఒళ్ళోనేగా ఉండేది."

"కూర్చుంటే ఎవరో తెచ్చి ఒళ్ళో పెట్టేవాళ్ళు. నిలబడి ఎత్తుకోలేదు. గుండె ఆగి పిల్లని ఎక్కడ పడేస్తానో అని. చేతులు చాచి వచ్చేది. కూర్చుంటాను ఉండమ్మా అనేవాణ్ణి. కొన్నాళ్ళకి అదే చాచడం మానేసింది. ఇప్పుడు నా ఎత్తుంది."

"కళ్ళు తుడుచుకో. ఎవరైనా వస్తారు."

"రానీ. ఒకటి చెప్తా విను. రేపు నువ్వు మంచాన పడితే లేపి కూర్చోబెట్టడానికి ఈ చేతులకి సత్తువ లేదు. గ్లాసు వంచుకుని నీళ్ళు నువ్వే తాగాలి. దానికి నన్ను తిట్టుకోకు. నీ కొలతలకే కుట్టుకున్నావు ఈ కొడుకుని."

"తెలుసు. అందుకే ఇంకా మంచాన పడలేదు."

"ఎంత రాయివే నువ్వు!"

"రాయిని కాబట్టే ఈ కొట్టు నిలబడింది. అయిందా? ఇక మిషను తొక్కుకోనా?"

"అవ్వలేదు. అన్నయ్యని చూడు. నాకంటే పెద్దాడు. మొన్న ఫోన్లో మాట్లాడుతూ మాట్లాడుతూనే నాలుగో అంతస్తుకి ఎక్కేశాడు. ఆయాసం లేదు. తెల్లారితే మైదానంలో ఉంటాడు. ఏడ్చినా నవ్వినా గట్టిగా ఏడుస్తాడు, గట్టిగా నవ్వుతాడు. నాకు నవ్వాలన్నా భయమే."

"వాడి సంగతి వేరు."

"ఏం వేరు? వాణ్ణి నాన్న పెంచాడు, అంతే. ఊళ్ళో పిల్లలందరికీ పరుగు నేర్పిన డ్రిల్లు మాస్టారి కొడుకుని నేను. నా తండ్రి ఈల ఊదితే బడంతా పరిగెత్తేది. నేను తప్ప!"

"మీ నాన్న మాటెందుకిప్పుడు?"

"ఎందుకేంటి? ఆయన ఇద్దర్నీ తీసుకుపోతాడని నీ భయం. వీడికి చిల్లుంది, నీ దగ్గర బతకడు అని నువ్వే ఆయన్ని నమ్మించావు. అందుకే పెద్దాణ్ణి తీసుకుని వెళ్ళిపోయాడు. అవునా?"

"అవును."

"అవునా?"

"అవునన్నాగా. అలాగే అనుకో."

"అనుకోవడమేంటి? అవునో కాదో చెప్పు."

"అవును. అవును. అవును. చాలా? ఇంక నన్నొదిలెయ్."

"ఆయన పెట్టె పట్టుకుని వెళ్తుంటే నేనిక్కడే, ఈ బల్ల మీదే కూర్చున్నా. అన్నయ్య వెనక్కి తిరిగి తిరిగి చూస్తున్నాడు. నాన్న చూడలేదు. చూస్తే తట్టుకోలేడని చూడట్లేదు అనుకున్నా. ఇప్పటికీ అంతే అనుకుంటున్నా."

"అనుకో. తప్పు లేదు."

"వెళ్తున్నా."

"ఇంటికేగా?"

"అన్నయ్య దగ్గరికి. నాన్నతో చెప్తా."

"ఆయనకి చెవులు వినపడవు."

"గట్టిగా చెప్తా."

"అంత దూరం ప్రయాణమా? డాక్టరు ఒప్పుకుంటాడా?"

"డాక్టరు నడవమన్నాడు."

"రేపు వెళ్దువుగాని. కోడలితో చెప్పి వెళ్ళు. ఆ కాలితో..."

"నీ చేతిలో ఆయనా మోసపోయాడమ్మా. ఇన్నేళ్ళుగా ఆయన లెక్కలో నేను సగం పిల్లాణ్ణి, ఎప్పుడు పోతానో తెలీనివాణ్ణి. కాదు నాన్నా, నీ చిన్నాడు మొత్తంగానే పుట్టాడు, ఆవిడే దాచిపెట్టింది అని చెప్తా. పాపం, ఎంత ఏడుస్తాడో."

"ఏడవడు."

"నీకేం తెలుసు?"

"ఒరేయ్ చిన్నాడా, కూర్చో."

"కూర్చోను. నువ్వు కూర్చోబెట్టింది చాలు. ఆ షట్టరు పైకెత్తు, నేను వంగలేను."

"ఎత్తను."

"అమ్మా!"

"నేను చెడ్డదాన్ననుకుని బతికెయ్యరా. నాకేం బాధ లేదు. ఇంత కాలం మోశాను, ఇంకెంత! ఆయన దగ్గరికి మాత్రం ఈ మాట పట్టుకుని వెళ్ళకు."

"భయమేస్తోందా?"

"నీకోసమే వేస్తోంది."

"నాకోసమట! జీవితంలో ఒక్కసారి నాకోసం ఏదైనా చేశావా? తప్పుకో. ఆయనకి తెలియాలి."

"ఆయనకి తెలుసు."

"ఏంటి తెలుసు?"

"ఆఖరిసారి నిన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది ఎవరనుకున్నావు? నాకు ఈ కొట్టు వదిలి కాలు బయటపెట్టే తీరికెక్కడిది?"

"నాన్నా?"

"ఆయనే. నీతో తిరిగొచ్చాడు. నిన్ను ఈ బల్ల మీద కూర్చోబెట్టి, లోపలికొచ్చి పెట్టె సర్దుకుంటూ చెప్పాడు. 'చిల్లు పూడిపోయిందట, వాడికింకేం భయం లేదు. కానీ ఆ మాట వాడి చెవిన వెయ్యకు. తెలిస్తే నా వెనకాలే పరిగెత్తుకొస్తాడు' అన్నాడు."