తోరణం కట్టిన మేకు

గుణదలలో ఆ ఇంటి స్విమ్మింగ్ పూల్ గట్టు మీద మెకానిక్ బోర్లా పడుకుని టైల్స్ చూస్తున్నాడు. ఇంటావిడ పక్కనే నిలబడింది.

“లీకు దొరక్కపోతే రేపు అడుగంతా పగలగొట్టిస్తానంటున్నారండీ మావారు!”

“ఆగండమ్మా. నీళ్ళు మొత్తం పోతున్నాయా?”

“లేదండీ. ఎంత నింపినా ఈ నీలం టైల్ దాకా దిగి ఆగిపోతాయి.”

“అయితే అడుగు బాగానే ఉంది. లీకు ఈ వరసలోనే. కాస్త పసుపు నీళ్ళు ఇవ్వండి... ఇదిగో, పసుపు ఈ చిల్లులోకి పోతోంది చూడండి. ఇక్కడ మేకు కొట్టారా?”

“నీళ్ళు నింపకముందు పూజ చేశాం కదండీ... మామిడి తోరణానికి నేనే కొట్టి, తర్వాత పీకేశాను.”

“గంటలో పూడ్చేస్తాను.”

“అమ్మయ్య! పగలగొట్టేవాళ్ళని రావద్దంటాను. ఈ పూల్ కట్టిన మేస్త్రీగారికీ ఫోన్ చెయ్యాలి. నెల నుంచి ఆయన్నే తిడుతున్నాం.”

“చేద్దురుగానీ, తోరణానికి రెండో మేకు ఎక్కడ కొట్టారో ముందు చూపించండమ్మా.”