మొదటి గేరుకు సప్పుడు లేదు

ఇబ్రహీంపట్నంలో శేరిగూడ పోయే రోడ్డు పక్కన చెన్నయ్య సైకిల్ దుకాణం. పొద్దున పది గంటలు. శివయ్య తన పాత మూడు గేర్ల సైకిల్‌ను స్టాండు వేసి నిలబెట్టాడు.

"సప్పుడు తియ్యాలె. గంతే. ఇంకేం వద్దు."

"ఏం సప్పుడు శివన్నా?"

"టిక్కు టిక్కు టిక్కు టిక్కు. ఇనబడతలేదా? ఇగో, పెడలు తిప్పుత. ఇను."

"గది గేరు సప్పుడన్నా. నలభై ఏండ్ల సంది గట్లనే అంటున్నది గద. ఇప్పుడేమైంది?"

"ఇప్పుడు చెవులల్ల కొడుతున్నది."

"నీ చెవులల్లనా?"

"నా చెవులల్లనే! ఇంకెవరి చెవులల్ల? విప్పరాదు జర."

"విప్పుత గని, దీన్ని ముట్టాల్నంటే పానం ఒప్పదన్నా. అగో, కాలేజి పోరగాండ్ల సైకిళ్లు చూడు, నాలుగు పండవెట్టిన. గేర్లన్ని బయటికే. వానొస్తే బురద, ఎండొస్తే దుమ్ము, గొలుసు ఊసిపోవుడు. నెలకు రెండుసార్లు నా మొఖం చూస్తరు. నీదో? ఇరుసు చుట్టు గిన్నె, ఆ గిన్నెలనే అన్నీ. నీళ్లు తగలవు. ఆగి ఉన్నప్పుడు సుత గేరు మారుతది. ఆర్నెల్లకోసారి రెండు సుక్కల నూనె పోయించుకుంటవ్, చాయ్ తాగి పోతవ్. గిసొంటిది ఇప్పుడేడ దొరుకుతది?"

"పొగుడుడు ఆపి పని చెయ్యి. గట్టి గ్రీజు కూరితే సప్పుడు పోతదా?"

"పోతది. దాంతోటి కొక్కేలు సుత పోతయ్."

"ఏం కొక్కేలు?"

"నలభై ఏండ్లు తొక్కినవ్, లోపల ఏమున్నదో తెల్వదా?"

"తొక్కేటోనికెందుకు అవన్నీ? అయినా చెప్పు."

"జర ఆగు, చక్రం ఊడదియ్యనీ... ఆ. చూడు. ఈ గిన్నె నట్టనడుమ ఒక పండ్ల చక్రం ఉంటది. ఇరుసుకు అతికే ఉంటది, తిరగదు. దాని చుట్టు నాలుగు చిన్న చక్రాలు, పందిరి గుంజ చుట్టు పోరగాండ్లు ఉరికినట్టు తిరుగుతుంటయ్. వాటి మీదికెల్లి పెద్ద రింగు. గొలుసు బలం ఆ చిన్న చక్రాలకిస్తే రింగు ఇంకా జోరుగ తిరుగుతది. గది మూడో గేరు."

"మరి మొదటిది?"

"ఉల్టా. బలం రింగుకిస్తే చిన్నయి నిమ్మళంగ తిరుగుతయ్. గొలుసు చక్రం నాలుగు సుట్లు తిరిగితే టైరు మూడే తిరుగుతది. పోవుడు తక్కువ, గని ఎత్తు మీద కాళ్లకు హాయి. రెండోది సీదా, ఎంత తిప్పితే గంత."

"సప్పుడు సంగతి చెప్పవేంది?"

"రెండుల, మూడుల గిన్నె ముందుకు ఉరుకుతది. వెనకబడ్డ కొక్కేలు, స్ప్రింగు మీదుండే చిన్న నాలుకలు, గిన్నె లోపలి పండ్ల మీదికెల్లి దుంకుతయ్. గదే టిక్కు టిక్కు. మొదటి గేరుల ఆ కొక్కేలే గిన్నెను గుంజుతయ్, ఇగ దుంకుడు ఉండదు. అందుకే మొదటి గేరుకు సప్పుడు లేదు."

"అవ్. మొదటిదానికి లేదు. గదే గద తిప్పలు."

"ఏం తిప్పలు?"

"ఏం లేదు."

"సప్పుడు వద్దనుకుంటే మొదట్లనే తొక్కు. నేను గిన్నె ఇప్పకుంటనే చక్రం బిగిస్త."

"మొన్న మొదట్లనే తొక్కిన. మా ఇంటి ఎత్తు కింద, మోరి కల్వర్టు కాడ, పాలు పోసే భిక్షం నన్ను దాటిపోయిండు."

"బండి మీదనా?"

"నడుసుకుంట! చేతిల పాల క్యాను. 'ఏం శివన్నా, మంచిగున్నవా' అనుకుంట పోయిండు. నవ్వకు."

"నవ్వుతలేనన్నా. అయితే మొదట్ల తొక్కమని నీకు ఎవరు చెప్పిన్రు? దవాఖానోళ్లా? గుండెకు స్టెంటు ఏసి మూడు నెలలైంది గద."

"రెండున్నర. డాక్టరు సైకిలే వద్దన్నడు. బతిమిలాడితే, ఆయాసం రాకుంట తొక్కు అన్నడు. పక్కకు మీ వదినె ఉన్నది. 'మొదటి గేరుల అయితేనే పొలంల బాయికాడికి పోవుడు' అన్నది. ఆ డాక్టరుకు గేరంటే ఏందో ఆమెనే చెప్పింది."

"మంచిగనే చెప్పింది. అయినా నువ్వే గేరుల తొక్కుతున్నవో ఇంట్ల ఉన్న వదినెకు ఎట్ల తెలుస్తది? ... ఓహో!"

"తెలిసిందా ఇప్పుడు? బాయికాడికెల్లి వచ్చే యాళ్లకు గేటు కాడ కూసుంటది. మోరి కాడికెల్లే పట్టుకుంటది సప్పుడు."

"తిడతదా?"

"తిడితే బాగుండు. 'వచ్చినవా? ఇనబడ్డది' అంటది. గంతే. చాయ్ ఇస్తది. రెండు నెలల సంది ఒక్క మాట అనలే. ఎన్నడో ఒకనాడు అన్నీ కలిపి అంటదని చూస్తున్న. ఉప్పు బంజేసిన, బీడీ బంజేసిన, ఇగ మిగిలింది ఈ మూడో గేరొక్కటి. గది వదలరాదు నాకు."

"అన్నా, తల తిప్పకు. వదినె వస్తున్నది. అంగడి సంచి పట్టుకొని."

"ఎవరు, రేణుకనా? దుకాణం ఎనక దారి ఉన్నదా?"

"నీకైతే ఉన్నది. సైకిలేడ దాస్తవ్?"

"ఏం చెన్నయ్యా, మంచిగున్నవా? ఈన ఇక్కడున్నడా! ఏమైంది సైకిలుకు?"

"ఏం లేదు వదినా. గాలి తక్కువుంటే..."

"గాలి కొట్టేటందుకు చక్రం ఊడదీస్తరా?"

"సప్పుడు తీపిద్దామని తెచ్చిన, రేణుకా. అయిపాయె, చెప్పేసిన. రోజు మూడో గేరుల్నే తొక్కుతున్న. ఏమంటవో ఇక్కడ్నే అను. చెన్నయ్య ఉన్నడు గద, జర తక్కువ అంటవ్."

"తెల్సు నాకు."

"తెల్సని నాకు సుత తెల్సు. మరి ఎందుకు ఏమనలే?"

"ఏమనాలె? మొదట్ల తొక్కమన్నది నేనే. టిక్కు ఇనబడంగనే 'ఉన్నడు, వస్తున్నడు' అనుకుంట, తిట్టబోతే నోరు లేవదు. తప్పు నాదే."

"నీ తప్పేంది ఇందుల?"

"గుండె నొప్పొచ్చి నువ్వు పడ్డనాడు సుత ఇనబడ్డది. మోరి దాక టిక్కు టిక్కు వచ్చింది. వస్తున్నవని చాయ్ పెట్టిన. ఎత్తు మొదలైన కాడ సప్పుడు ఆగింది. రోజు లెక్కనే మొదటి గేరు ఏసుకున్నడు, ఎక్కుతున్నడు అనుకున్న. గిలాసల పోసి గేటు కాడ కూసున్న. చాయ్ సల్లారింది. అయినా కూసునే ఉన్న. నువ్వేమో ఎత్తు కింద మట్టిల పడున్నవ్. భిక్షం ఉరికొచ్చి చెప్పేదాక నేను కూసునే ఉన్ననయ్యా."

"రేణుకా... గీ ముచ్చట ఎన్నడు చెప్పలేదేందే?"

"ఏమని చెప్పాలె? ... చెన్నయ్యా, నువ్వు ఈన మాట ఇనకు. ఆ సప్పుడు తియ్యకు."

"తియ్య వదినా. అస్సలు తియ్య."

"మూడోది సుత వద్దు, పానం మీదికొస్తది. మొదట్లనే తొక్కాలె."

"తొక్కుత. భిక్షం దాటిపోనీ. తొక్కుత అన్న గద."

"గని ఆ మొదటి గేరుకు సుత సప్పుడు వచ్చేటట్టు ఏమన్న చెయ్యరాదు, చెన్నయ్యా?"