చుల్తెమ్ ఎత్తిన బండ్లు

ఏరు పొంగి మూడు రోజులైంది. కనుమ ఎక్కాల్సిన జీపులన్నీ ఒడ్డున బారుగా ఆగిపోయాయి, డ్రైవర్లమంతా దుల్మక్క టీ కొట్లో చేరాం. ఉప్పు టీ తాగడం, మాంసం కూరి వేయించిన ఖూషూర్లు తినడం, చుల్తెమ్ కోతలు వినడం, ఇంతకు మించి పని లేదు. మా బండ్లలో సగానికి పైగా అతను ఎత్తు పెంచినవే. అందుకని అతని మాటకి అడ్డు చెప్పడం మాకు అలవాటు లేదు.

ఆ మధ్యాహ్నం ఒకావిడ లోపలికొచ్చింది. నలభై ఐదేళ్ళుంటాయి. గుర్రాన్ని బయట కట్టేసినట్టుంది. పొడుగు అంగీ వీపంతా బురద.

"ఏమ్మా, గుర్రం వెల్లకిలా పడేసిందా?" అన్నాడు చుల్తెమ్. మేం పగలబడి నవ్వాం.

ఆవిడ నవ్వలేదు. తలుపు పక్కన కూర్చుని, "మీరు జీపులెత్తే చుల్తెమన్నే కదా? చెప్పండి, వింటాను" అంది.

కొత్త చెవులు దొరికితే చుల్తెమ్‌కి ఇంకేం కావాలి?

"మొదట్లో నేను చేసింది చాలా చిన్న పనమ్మా. గొప్పలు చెప్పుకోవడం నాకు గిట్టదు, కావాలంటే వీళ్ళనడుగు. మన రష్యా జీపు ఉంది చూశావూ, మంచి బండే, కానీ తర్బగాన్లు తవ్విన బొరియలో ఒక చక్రం పడిందంటే ఇంకో చక్రం గాల్లోకి లేచి ఉత్తినే తిరుగుతుంది. ఎందుకంటావ్? కమాన్లు బిర్రుగా ఉంటాయి, చక్రాన్ని కిందికి పోనివ్వవు. నేనేం చేశా? పాత లారీ కమాన్ పట్టీలు తెచ్చి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి, గుర్రం పాలల్లో ముంచి పదును పెట్టా. షాకబ్జర్లు పీకి అవతల పారేశా. బండి జానెడు లేచింది, చక్రం మూరెడు దిగింది. అంతే. ఎవడైనా చేస్తాడు."

"ఎవడూ చెయ్యలేదుగా అన్నా," అన్నాడు ఒచిర్. వాడి జీపు నిరుడే చుల్తెమ్ చేతి కింద లేచింది.

"చెయ్యలేదనుకో. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ బండేసుకుని బొరియల మైదానం దాటా. ఒళ్ళో నిండు గిన్నె టీ. ఒక్క చుక్క ఒలకలేదు. చక్రాలు వాటి పాటికి బొరియల్లో దిగి, లోపల తర్బగాన్లని పలకరించి పైకొస్తున్నాయి, నాకు మాత్రం పరుపు మీద కూర్చున్నట్టుంది. అక్కడితో ఆగితే నేను చుల్తెమ్‌నెందుకవుతా? ఇంకో రెండు పట్టీలు వేశా. గొర్రెల మంద అడ్డమొస్తే హారన్ కొట్టడం మానేశా, వాటి పాటికి అవి పొట్ట కింద నుంచి పోతున్నాయి. ఒకరోజు ఒంటె కూడా దూరింది."

"మూపురం తగల్లేదా?" దుల్మక్క టీ పోస్తూ అడిగింది.

"వెనక మూపురం కొంచెం రాసుకుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి?"

మళ్ళీ నవ్వులు. చుల్తెమ్ ఖూషూరు కొరికి, నూనె చెయ్యి బూటుకి తుడుచుకున్నాడు.

"ఆ చలికాలం తుఫాను పట్టుకుంది. కళ్ళు పొడుచుకున్నా దారి కనపడట్లేదు. ముందు ఏదో దిబ్బ తగిలింది, సరేలే అని ఎక్కించా. కుడి చక్రాలు ఇటు దిగాయి, ఎడమ చక్రాలు అటు దిగాయి. ఇంతలో నా సీటు కింద ఎవరో దగ్గారు! తొంగి చూద్దును కదా, అది దిబ్బ కాదు, గుడారం. దాని మీద నా బండి కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి ఉంది. లోపల ముసలాయన పొగ గొట్టం సందులోంచి గిన్నె పైకందించి, దిగి రావయ్యా, టీ తాగుదువుగాని అన్నాడు. దిగలేను బాబాయ్, నేల చేరాలంటే రేపవుతుంది అన్నా! ఇంక ఆ వసంతంలో ఈ కనుమలోనే, పైన లోయ ఉంది చూశారూ, వంతెన కొట్టుకుపోయింది, ముందు చక్రాలు అవతలి గట్టు మీద వేశా, వెనక చక్రాలు ఇవతలే ఉన్నాయి. మధ్యలో మబ్బొకటి బండి పొట్ట రాసుకుంటూ పోయింది. దాటాక చూస్తే ఇంజను తడిసి ఉంది!"

"ఈ కనుమకి నీ పేరే పెట్టాలన్నా," అన్నాడు ఒచిర్.

"అదే నా బాధ! రాయికో వాగుకో నా పేరు పెట్టచ్చు కదా? ఎవడో తాగుబోతుకి ఏకంగా ఒక మలుపుంది. నాకు మాత్రం గులకరాయి కూడా లేదు."

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. నిరుటి శరత్కాలంలో పై నుంచి మూడో మలుపు దగ్గర ఒక జీపు లోయలో పడింది. డ్రైవరు పోయాడు. శవాన్ని పైకి తెచ్చినవాళ్ళు బండంతా వోడ్కా కంపన్నారు. అప్పట్నుంచి దాన్ని తాగుబోతు మలుపనే అంటున్నాం. అక్కడికొచ్చేసరికి ఒకడు సీసా ఎత్తి నాలుగు చుక్కలు కిటికీలోంచి చిలకరించడం, తక్కినవాళ్ళు ఇకిలించడం మాకు అలవాటైపోయింది.

తలుపు పక్కనావిడ గిన్నె కింద పెట్టింది. "ఆ బండి ఎవరెత్తారన్నా?"

"నేనే ఎత్తా. దాచుకోవాల్సిందేముంది? బండికి వంక పెట్టడానికి లేదమ్మా. పోయినవాడి పేరు పలకకూడదు, పలకను. కానీ సీసా ఖాళీ చేసి కనుమ దిగితే నా కమాన్లేం చేస్తాయి?"

"చక్రం మూరెడు కిందికి దిగుతుందన్నారు. షాకబ్జర్లు పీకేశానన్నారు. మరి గోతిలో దిగిన చక్రం ఇంకా కిందికి పోకుండా దాన్ని పట్టి ఆపేదేంటి?"

"ఆపడమెందుకు? ఎంత దిగితే అంత మంచిది! దాన్ని ఏదీ పట్టుకోదు."

"ఇది పట్టుకుంది." ఆవిడ అంగీ ఒడిలోంచి ఒక రబ్బరు ముక్క తీసి బల్ల మీద పెట్టింది. జానెడు కూడా లేదు. ఒక కొసన ఇత్తడి మర ఉంది, రెండో కొస పీలికలైపోయి ఉంది. "మంచు కరిగాక లోయలోకి దిగి ఆ బండి కింద నుంచి ఊడదీశా. పట్నం షెడ్డులో చూపిస్తే బ్రేకు పైపన్నారు. మూరెడు దిగే చక్రానికి జానెడు పైపు. గోతిలో పడగానే చక్రం బరువంతా దీని మీద పడింది. ఒక్కటి తెగితే నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుందట."

ఒచిర్ ఆ ముక్కని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"ఇంక ఆ సీసా. అదీ ఆ బండిలోనే దొరికింది. కనుమ మీది రాళ్ళ కుప్పకి మొక్కుగా పొయ్యడానికి మీరందరూ పెట్టుకునేలాంటిదే. పగిలింది, కానీ మూత దాని మెడకి బిగించింది బిగించినట్టే ఉంది. నా పేరు ఖందా. వాడు నా తమ్ముడు. వాడి పేరు శారవ్, శారవ్. మీరు పలకరు కాబట్టి నేనే పలుకుతున్నా. వాడి కూతుర్ని బళ్ళో తాగుబోతు మలుపు అని పిలుస్తున్నారు. పిల్లకి ఎనిమిదేళ్ళు."

చుల్తెమ్ చేతిలోని ఖూషూరు పళ్ళెంలో పెట్టేశాడు. "నిజం చెప్తున్నానమ్మా... పైపు సంగతి అప్పట్లో ఎవరికి తెలుసు? నాకూ తెలీదు. ఒట్టు."

"మీకు తెలుసు. లోపలికి రాకముందు మీ బండి కింద పడుకుని చూశా. నా వీపు బురద అదే. మీ పైపులు మూరెడున్నాయి. రబ్బరు పాతబడి తెల్లగా పాలిపోయింది కూడా. ఎన్నేళ్ళ కిందట మార్చారు?"

చుల్తెమ్ ఎవరి మొహమూ చూడకుండా, "పొడుగు పైపులు ఇక్కడ దొరకవు. రాజధాని నుంచి రావాలి. అవి వచ్చేదాకా ఆగమంటే ఎవరాగుతారు?" అని గొణిగాడు.

ముందు ఒచిర్ లేచాడు. వాడి వెనక నేను, నా వెనక తక్కినవాళ్ళు. వానలో ఎవరి బండి కింద వాళ్ళం బురదలో వెల్లకిలా దూరాం. నా పైపు జానెడే. నడుమ వేలితో నొక్కితే పగుళ్ళు నోళ్ళు తెరిచాయి. ఏడాది నుంచి నా పెళ్ళాన్నీ ఇద్దరు పిల్లల్నీ దీని మీద నమ్మకంతో కనుమ దింపుతున్నా. అక్కడే పక్కకి తిరిగి తాగిన టీ అంతా కక్కేశా. అవతలి బండి కింద ఒచిర్ ఏడుస్తున్నాడు.

బయటికి వచ్చేసరికి ఖందా గుర్రమెక్కి వెళ్ళిపోతోంది. చుల్తెమ్ లోపల ఒక్కడే కూర్చుని ఉన్నాడు. దుల్మక్క అతని గిన్నె నింపలేదు.

మర్నాడు ఏరు తగ్గింది. పైపులు వచ్చేదాకా పదకొండు రోజులు మేమెవ్వరం కదల్లేదు. కనుమ ఎక్కిన రోజు మూడో మలుపు దగ్గర అందరం ఆగాం. దిగి, టోపీలు తీసి, పాలు చిలకరించాం. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఇప్పుడు ఈ దారికి కొత్తగా వచ్చే డ్రైవర్లకి మేం ముందు చెప్పేది ఒకటే: "బండి కింద పైపులు చూసుకో. పై నుంచి దిగేటప్పుడు మూడోది చుల్తెమ్ మలుపు."