అటు సగం

రోడ్డు వారన ఇస్త్రీ కొట్టు. పొడుగాటి బల్లకు కుడి చివర భర్త, ఎడమ చివర భార్య. నడుమ బొగ్గుల ఇస్త్రీ పెట్టె, పక్కన మడతపెట్టిన బట్టల దొంతర. ఎండ బల్ల దాకా వచ్చింది.

"ఇదిగో, ఇదీ సగమే! ఇంకెన్ని చేస్తావయ్యా ఇలా?"

"ఏది సగం?"

"ఈ చొక్కా. ఒక చెయ్యి కత్తితో గీసినట్టుంది. రెండో చెయ్యి మేక నమిలినట్టుంది."

"మొత్తం చేశాను."

"చేశావు! నాకే కళ్ళు లేవు మరి."

"చేశానంటుంటే..."

"సరే సరే. పొద్దున్నుంచి నీతో ఇదే మొదటి మాట. నువ్వే పలకరిస్తావేమోనని చూశా. నోరు కట్టేసుకుని నీ సగాలన్నీ నేనే పూర్తిచేశా. ఇంకా ఎంతసేపయ్యా ఈ అలక?"

"అలకేంటే? ఎవరలిగారు?"

"మా నాన్నలిగాడు! నువ్వు కాక ఇంకెవరు? పెళ్ళయిన కొత్తలో పట్టిన విద్య ఇది. కోపమొస్తే నోటితో అనవు. నీ చివర సగం చేసి, 'అటు సగం నీది' అని బట్టని నావైపు తోసేస్తావు. మీ అమ్మ కూడా నవ్వేది కాదూ, మావాడలిగితే ఊరంతా సగం ముడతలతో తిరుగుతుందని?"

"అది అప్పటి సంగతి."

"మరి నిన్నటి సంగతో? కరెంటు పెట్టె కొందామన్నానని మొహం గోడకి తిప్పి పడుకున్నావు."

"కరెంటు పెట్టెకి బరువుండదే. బరువు లేనిది చెబితే బట్ట వినదు."

"అదుగో, ఇంకా అదే పాట. కొనొద్దులే, ఈ బొగ్గులోనే పోదాం ఇద్దరం. ఇటు చూసి మాట్లాడు."

"చూస్తూనే ఉన్నా."

"అటు గోడ ఉంది. నేను ఇటున్నా."

"ఎటు?"

"నీ ఎడంపక్కనయ్యా. కాపురానికొచ్చినప్పట్నుంచీ నిలబడ్డ చోటే."

"కనపడవేం మరి?"

"ఎందుకు కనపడతాను! కోపమొస్తే నేను కనపడను, నా మాట వినపడదు. ఆ మూతి చూడు, ఒక పక్కకి ముడిచేశావు చంటిపిల్లాడిలా. నోట్లో దూది కుక్కినట్టు ఆ మాటేంటి? టీ కారుతోంది చొక్కా మీద, తుడుచుకో."

"ఏదీ?"

"గడ్డం కింద. అటు కాదు, ఇటు. అబ్బ, ఇటయ్యా!"

"తల కొంచెం బరువుగా ఉందే."

"నాది తేలిగ్గా ఉందా? లాయరు గారి కోట్లింకా ముట్టుకోనేలేదు. మధ్యాహ్నానికి మనిషొస్తాడు... ఏదో వాసన."

"బొగ్గులే."

"బొగ్గు కాదు, కమురు. బట్ట తగలబెడుతున్నావు, పెట్టె ఎత్తు!"

"బట్ట మీద లేదే. పక్కన పెట్టాను."

"ఏ పక్కన? ...అయ్యో! అయ్యయ్యో, పెట్టె ఎత్తు! చెయ్యి మీద పెట్టావు! చెయ్యయ్యా!"

"ఎవరి చెయ్యి?"

"నీదే! ఎత్తమంటుంటే!"

"ఎత్తాగా. ఎందుకలా అరుస్తావు, దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు."

"మండటం లేదూ?"

"ఏంటి మండేది?"

"...తోలు ఊడి పెట్టెకి అంటుకుంది. మండటం లేదూ?"

"కంగారెక్కువ నీకు. ఆ చొక్కా ఇటు తోయి."

"చొక్కా సంగతి తర్వాత. ఆ చెయ్యి ఒకసారి పైకెత్తు."

"ఎత్తాను."

"లేదు. బల్ల మీదే ఉంది."

"ఎత్తానంటే నమ్మవేం? ఎప్పుడూ నా మాట కాదనడమే నీకు."

"కాదనడం లేదయ్యా. కూర్చో. ఈ స్టూలు మీద, గోడకి ఆనుకో. ఈ తడిగుడ్డ చుట్టనీ. ...నువ్వు నిజంగా అలగలేదు కదూ?"

"ఇందాకట్నుంచి అదేగా మొత్తుకుంటున్నా."

"మొత్తుకుంటున్నావు. నాకే చెవికెక్కలేదు. పద, ఆసుపత్రికి పోదాం."

"ఎవరికేమైందని?"

"నీకు."

"నాకేం, గుండ్రాయిలా ఉన్నా. కోట్లు చెయ్యాలి. నేను కదలను."

"నీ కాళ్ళు పట్టుకుంటా."

"పట్టుకో. పోయినేడు జ్వరమొచ్చినప్పుడు ఏం చెప్పాను? ఆసుపత్రికి నడిచి పోయినవాణ్ణి నలుగురు మోసుకొస్తారని చెప్పానా లేదా? చెప్పి ఇంట్లోనే లేచి కూర్చున్నానా లేదా?"

"కూర్చున్నావు. ఇప్పుడూ అలాగే కూర్చో. నేనొచ్చేదాకా లేవకు."

ఆమె రోడ్డు దాటింది. అవతల గోడ నీడలో ఆటో, అందులో కాళ్ళు చాపుకుని ఆటో తమ్ముడు.

"తమ్ముడూ, లే! బండి తియ్యి!"

"ఏంటక్కా, చెప్పులు కూడా లేకుండా ఎండలో..."

"మీ అన్నకేదో అయింది. ఒక పక్క మనిషి లేడు."

"ఒక పక్క లేకపోవడమేంటి?"

"ఎడంపక్క లేడురా. అటు చూపు లేదు, చెయ్యి లేదు. పెట్టె పెట్టుకుని చెయ్యి కాల్చుకున్నాడు, అదీ తెలీలేదు. మూతి పక్కకి పోయింది. అది చూసి మూతి ముడిచాడని తిట్టాను."

"అక్కా, పక్షవాతం అది. మా మేనమామకీ ఇలాగే. పొద్దుటి దాకా చూద్దామన్నారు మావాళ్ళు..."

"చూస్తే?"

"పదక్కా. ఎత్తి బండిలో పడేద్దాం."

"నువ్వా ఎత్తేది? బల్ల పట్టుకున్నాడంటే నలుగురొచ్చినా ఊడడు. గింజుకుంటే పడతాడు. తనకోసమైతే రాడు ఆ మొండిమనిషి. నాకోసమైతే వస్తాడు. నాకు గుండెల్లో నొప్పి, తెలిసిందా?"

"అయ్యో, నీక్కూడానా?"

"ఒరే మొద్దూ! లేదురా. ఉందని చెబుతా. నువ్వు ఊ అను."

"ఊ."

"ఇక్కడ కాదు, అక్కడ!"

ఆటో కొట్టు ముందు ఆగింది.

"ఏమయ్యా, నాకు గుండెల్లో పట్టేసింది. ఊపిరి ఆడట్లేదు."

"ఊ. అక్కకి నొప్పంట అన్నా. ఊ."

"ఏంటీ? ఎప్పట్నుంచే? చెప్పవేం! పొద్దున్నుంచి నామీద అరిచి అరిచి తెచ్చుకున్నావు. ఎక్కు. ఎక్కు ముందు."

"మరి లాయరు గారి కోట్లు?"

"కోట్లు గంగలో కలవనీ! తమ్ముడూ, దానికి చెయ్యందించరా."

"నీకే అందిస్తానన్నా. నీ కాలు ఈడుస్తోంది..."

"చెప్పు జారిందిరా. ఈ చెప్పెప్పుడూ ఇంతే."

"అన్నా, నీ కాళ్ళకి చెప్పుల్లేవు."

"తమ్ముడూ, మాటలొద్దు. ఏమయ్యా, నువ్వు లోపలికి జరిగి కూర్చో."

"జబ్బుమనిషివి నువ్వు లోపల కూర్చో. నేను అంచున కూర్చుంటా."

"నువ్వే లోపల..."

"గుండె నొప్పిలో కూడా వాదనేనా? జరగవే!"

ఆటో కదిలింది. లోపల కుడివైపు ఆమె, ఎడమవైపు తలుపు లేని అంచున అతను.

"నా చొక్కా ఎందుకే అలా రెండు చేతులా పిడికిళ్ళు బిగించి పట్టావు? ముడతలు పడుతుంది. ఇస్త్రీవాడి చొక్కాకి ముడతలుంటే ఇంకెవరిస్తారే బట్టలు?"

"ఎవరూ ఇవ్వొద్దు. అటు వాలకు."

"ఎటు వాలాను?"

"తమ్ముడూ, మలుపులో మెల్లగా! పడిపోతాడు... పడిపోతాను."

"మెల్లగా ఏంటి? త్వరగా పోనీరా, దానికి ఊపిరాడట్లేదు!"

"ఒకరు మెల్లగా అంటారు, ఒకరు త్వరగా అంటారు. ముందు లారీ అడ్డంగా ఉందన్నా."

"హారను కొట్టు."

"కొడుతూనే ఉన్నా. వాడు కదిలితేగా."

"ఏమే."

"ఊఁ."

"నీ చెయ్యేంటే ఇంత చల్లగా ఉంది?"

"నా చెయ్యా?"

"మరెవరిది? తడిసి ముద్దయింది. చన్నీళ్ళలో ముంచి తీసినట్టుంది."

"...భయంగా ఉందయ్యా. అందుకే."

"భయమెందుకు, పిచ్చిదానా. నేను లేనూ? పట్టుకునే ఉన్నాలే."

"పట్టుకో. వదలకు."

"కరెంటు పెట్టె కొందాంలే. బరువున్నది చూసి కొందాం. ఇంక ఏడవకు."

"ఏడవటం లేదు."

"అక్కా, నువ్వు..."

"నువ్వు రోడ్డు చూడరా!"

"లారీ కదిలిందక్కా."

"ఇంక మెల్లగా వద్దు. నేను పట్టుకుంటా. పోనీ."

ఆసుపత్రిలో అత్యవసర చికిత్స గది. తెల్ల తెర పక్కకి జరిగింది. లోపల డాక్టరు, ఒక నర్సు.

"పేషెంటు ఎవరు?"

"ఇదిగో సార్, మా ఆవిడ. గుండె నొప్పి. పొద్దున్నుంచి దాచిపెట్టింది."

"అమ్మా, ఇలా వచ్చి పడుకోండి."

"నేను కాదు డాక్టరు గారూ, ఆయన. నాకేం లేదు. అబద్ధమాడి తీసుకొచ్చాను."

"ఏంటే నువ్వనేది?"

"అవునయ్యా. మంచం మీద పడుకో. నీ కాళ్ళు పట్టుకుంటానన్నా రాలేదుగా."

"సార్, దాని మాట నమ్మకండి. మందులంటే భయం దానికి."

"సరే పెద్దాయనా, ఇద్దర్నీ చూస్తాం. ముందు మీరు పడుకోండి. ఒకసారి నవ్వండి... ఇప్పుడు రెండు చేతులూ పైకెత్తండి."

"ఎత్తాను."

"రెండూ?"

"రెండూ ఎత్తాను సార్, కనపడట్లేదా?"

"సిస్టర్, స్కానింగుకి చెప్పండి, ఇప్పుడే తెస్తున్నామని. అమ్మా, ఇలా ఆయన కుడివైపుకి రండి. ఇది ఎప్పుడు మొదలైందో బాగా గుర్తుచేసుకుని చెప్పాలి. మెదడులో రక్తం గడ్డ కట్టుంటే కరిగించే మందొకటుంది. మొదలైన కొన్ని గంటల్లోపే ఇవ్వాలి. ఆ వేళ దాటాక ఇస్తే ప్రాణానికే ముప్పు."

"బట్టల్ని బట్టి చెప్పొచ్చు సార్."

"బట్టలా?"

"మేం ఇస్త్రీ చేస్తాం. ఒక పక్కే చేస్తున్నాడు పొద్దున్నుంచి. పాలబండి అతని చొక్కా నిండుగా చేశాడు, అతను తెల్లవారగానే పట్టుకెళ్ళాడు. దాని తర్వాత పంతులమ్మ చీర. దానికే మొదలు. ఒక పక్క ముట్టుకోలేదు."

"పంతులమ్మ ఎప్పుడొచ్చింది?"

"బడి గంట కొట్టకముందే సార్."

"ఇప్పుడు బడిలో మధ్యాహ్నం గంట కొట్టే వేళమ్మా. మీరెప్పుడు గమనించారు?"

"అప్పుడే."

"అప్పుడే చూశారా? చూసి ఏం చేశారు?"

"ఆ చీర నేను పూర్తిచేశాను. తర్వాత చొక్కా... ఆ తర్వాతవీ. మాట్లాడకుండా."

"మాట్లాడకుండానా? ఏమైందని ఒక్కసారి అడగలేదా?"

"అలిగాడనుకున్నాను సార్. ఎప్పుడలిగినా అంతే, సగం వదిలేస్తాడు."

"అంతసేపూ?"

"నేనూ అలిగాను సార్."

"సిస్టర్, బడి గంటకి ముందే మొదలైందని రాసుకోండి."

"ఇంకా వేళ ఉందా? మందిచ్చే వేళ?"

"స్కానింగు చూడనివ్వండి."

"ఉందో లేదో ఆ ఒక్క మాట చెప్పండి."

"చూడనివ్వండమ్మా. సిస్టర్, ఆ చేతికి చుట్టిన తడిగుడ్డ తియ్యండి. పెద్దాయనా, ఇలా చూడండి. ఇంకొంచెం... ఆఁ. ఈ చెయ్యి ఎవరిది?"

"మా ఆవిడది సార్."

"మీ ఆవిడ మీ కుడిపక్క నిలబడింది. అమ్మా, మీ రెండు చేతులూ ఆయనకి చూపించండి. చూశారా? రెండూ అక్కడే ఉన్నాయి. మరి నేను పట్టుకున్న ఈ చెయ్యి?"

"నాది కాదు సార్. అటు సగం ఎప్పుడూ దానిదే. దారంతా వదలకుండా పట్టుకునే వచ్చాను... అయ్యో, కాల్చుకున్నట్టుంది పాపం, ముందు దాన్ని చూడండి."